క్యాంపులో బాగున్న మనిషి సెలవుల్లో ఎందుకు కుంగిపోయాడు: ఉత్తర కెనడా చలికాలంలో ఒక జియాలజిస్ట్ కేసు

అనంతపురంలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో ఊరికి దూరంగా ఉద్యోగం చేసేవాళ్లు చాలామందే ఉంటారు. బెంగళూరు ఐటీ పిల్లలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇంటివాళ్లు, సెలవు మీద వచ్చిన ఆర్మీ వాళ్లు. ఈ కేసు మాత్రం ఇంకో రకం. మనిషిది గుంతకల్లు వైపు పల్లె. వయసు ముప్పై దాటింది, పెళ్లి కాలేదు. జియాలజీలో పీజీ చేశాడు. ఉద్యోగం కెనడాలోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో, ఎల్లోనైఫ్ పట్టణానికి ఈశాన్యంగా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న వజ్రాల గనుల ప్రాంతంలో. నాలుగు వారాలు క్యాంపులో పని, ఆ తర్వాత రెండు వారాలు సెలవు. సెలవు రోజుల్లో ఎల్లోనైఫ్‌లో ఉంటాడు. ఇదంతా రాయడానికి అతను ఒప్పుకున్నాడు. గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను.

ఇలాంటి ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ చలి గురించి, పన్నెండు గంటల షిఫ్టు గురించి అడుగుతారు. సెలవు రోజులు ఎలా గడుస్తున్నాయని అడగరు. ఇతనికి దెబ్బ తగిలింది ఆ సెలవు రోజుల్లోనే. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

అక్కడి ఉద్యోగంలో అతనికి అది రెండో చలికాలం. సంక్రాంతికి ఇంటికి వచ్చాడు. తీసుకొచ్చింది వాళ్లమ్మ. "రాత్రంతా మేల్కొనుంటాడు, పగలంతా పండుకుంటాడు. పండగకు ఇంటినిండా చుట్టాలొస్తే మూలన కూర్చున్న్యాడు మేడం" అంది. విమాన ప్రయాణం వల్ల నిద్ర తారుమారైందని ఇంట్లో అనుకున్నారు. వారం దాటినా మారకపోయేసరికి భయపడ్డారు.

అతనితో విడిగా మాట్లాడాను. ఆకలి తగ్గింది. ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. స్నేహితులు పిలిచినా బయటికి వెళ్లడం లేదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొత్తం 27 మార్కులకు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఒక మోస్తరు డిప్రెషన్ ఉండొచ్చని చూస్తాం. ఇతని స్కోరు ఆ గీత దాటింది కానీ తీవ్రమనే స్థాయికి వెళ్లలేదు. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగానే అడిగాను. లేదన్నాడు. అయినా కెనడాలో ఫోన్ చేయడానికి, మెసేజ్ పెట్టడానికి 988 అనే నంబరు ఉందని చెప్పి సేవ్ చేయించాను. ఇక్కడ ఇంట్లోవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. ఏ కేసులోనైనా ఈ పని తర్వాత చేద్దామని వదిలేయకూడదు.

ఆ రోజు అతను అన్న ఒక మాట నన్ను ఆపింది. "క్యాంపులో బాగానే ఉంటా మేడం. సెలవుకు ఎల్లోనైఫ్ రూముకు పోతేనే ఏదో అయిపోతుంది."

అయితే క్యాంపు గురించే చెప్పమన్నాను. డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చి, అంగుళం అంగుళం చూసి రాసుకోవడం అతని పని. నల్లటి కింబర్లైట్ రాతిలో ఊదారంగు గార్నెట్ గింజ కనిపిస్తే చేతి లెన్సు కింద ఎలా మెరుస్తుందో చెప్తూ ముందుకు వంగాడు. వజ్రాలు ఉండే రాయి ఇదేనని, మన వజ్రకరూరు దగ్గరా ఇదే రాయి ఉందని చెప్పాడు. తొలకరి పడగానే వాళ్లవ్వ చేలల్లో రంగురాళ్లు వెతుక్కుంటూ తిరిగేదట. అంతసేపూ అతని గొంతులో జీవం ఉంది. నాకు ఇది చాలా ముఖ్యమైన సమాచారం. డిప్రెషన్ బాగా ముదిరిన మనిషికి ఇష్టమైన దాని మీద కూడా ఆసక్తి చచ్చిపోతుంది. ఇతనికి ఆసక్తి అలాగే ఉంది. అది బయటికి రావడానికి దారే మూసుకుపోయింది.

చీకటి ఒక్కటే కారణమా

మొదట అందరికీ తట్టేది చలికాలపు డిప్రెషనే. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో నార్మన్ రోసెంథాల్ బృందం 1984లో దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ పేరుతో వివరించింది. ఎల్లోనైఫ్ ఉన్నది 62 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన. డిసెంబరు మూడో వారంలో అక్కడ సూర్యోదయం ఉదయం 10 గంటల ప్రాంతంలో, సూర్యాస్తమయం మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో. ఆ 5 గంటల్లోనూ సూర్యుడు నడినెత్తికి రావడమనే మాటే లేదు, క్షితిజం నుంచి 4 డిగ్రీలు పైకొచ్చి దిగిపోతాడు. అదే రోజు మన అనంతపురంలో పగలు 11 గంటలకు పైనే, మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీలు దాటి ఎక్కుతాడు. క్యాంపు ఎల్లోనైఫ్‌కు ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ వెలుతురు ఇంకా తక్కువ.

పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే మెదడులోని గడియారం సరిపడుతుంది. నిద్రకు సంబంధించిన మెలటోనిన్ హార్మోన్ ఎప్పుడు ఊరాలో, ఎప్పుడు ఆగాలో దానికి తెలిసేది ఆ వెలుతురుతోనే. చీకటి ప్రభావం నిజమే. కానీ ఒక చిక్కు ఉంది. మొదటి చలికాలంలోనూ ఇంతే చీకటి, అప్పుడు ఇతను బాగానే ఉన్నాడు. సీజనల్ డిప్రెషన్ అని పేరు పెట్టాలంటే కనీసం వరసగా రెండేళ్లు ఆ సీజన్‌లో లక్షణాలు కనిపించాలి. కాబట్టి తొందరపడి ఆ పేరు పెట్టలేదు. రెండు చలికాలాల మధ్య ఏం మారిందో వెతికాం.

మారింది ఇల్లు. మొదటి ఏడాది ఇద్దరు తోటి ఉద్యోగులతో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. సెలవు రోజుల్లోనూ వాళ్లు పొద్దున తలుపు తట్టేవాళ్లు. కాఫీకనో, బజారుకనో, మంచులో నడకకనో బయటికి లాక్కుపోయేవాళ్లు. రెండో ఏడాది జీతం పెరిగింది, ప్రశాంతంగా ఉంటుందని ఒంటరిగా ఫ్లాట్ తీసుకున్నాడు. తట్టే తలుపు లేకుండా పోయింది.

సెలవు రోజుల చార్టు

తిరిగి వెళ్లాక కొన్ని వారాలపాటు గంట గంటకూ ఏం చేశాడో, అప్పుడు మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకుంటూ చార్టు రాయమన్నాను. అతను కొలతలు రాసుకోవడం వృత్తిగా ఉన్న మనిషి, చాలా శ్రద్ధగా రాశాడు. ఆ చార్టు లేకపోతే ఈ కేసు నాకు అర్థమయ్యేది కాదు.

క్యాంపు వారాలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక పద్ధతిలో ఉన్నాయి. 5 గంటలకు లేవడం, 6 నుంచి 6 దాకా షిఫ్టు, వేళకు భోజనం, తొమ్మిదింటికి నిద్ర. సెలవు వారాలు పూర్తిగా తలకిందులు.

చలికాలంలో మన టైం ఎల్లోనైఫ్ కంటే 12 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. గుంతకల్లులో అతని స్నేహితులు రోజూ సాయంత్రం 6 గంటలకు ఒక టీ కొట్టు దగ్గర కలుస్తారు. అప్పుడు ఇతనికి తెల్లవారుజాము 5:30. ఆ వీడియో కాల్ తప్పిపోకూడదని రాత్రంతా సినిమాలు చూస్తూ మేల్కొనేవాడు. కాల్ అయిపోయాక 7 గంటలకు పడుకుంటే లేచేది మధ్యాహ్నం 3 గంటలకు. అంటే సూర్యుడు ఉన్న గంటల్లో చాలా భాగం మనిషి నిద్రలో ఉన్నాడు. రెండు వారాలు ఇలా గడిపి మళ్లీ క్యాంపుకు పోతే 5 గంటలకు లేవాలి. విమానం ఎక్కకుండానే సగం ప్రపంచం తిరిగొచ్చినట్టు ఒళ్లంతా తారుమారు. క్యాంపులో మొదటి వారం ఆ అలసటలోనే పోయేది. ఆ వారం డైనింగ్ హాల్లో కూర్చోకుండా పళ్లెం రూముకు తెచ్చుకునేవాడు. కాస్త కుదుటపడి నలుగురితో కలిసేలోపు మళ్లీ సెలవు.

మార్కుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. స్నేహితులతో మాట్లాడుతున్నంతసేపూ ఏడో ఎనిమిదో వేశాడు. ఫోన్ పెట్టేసిన తర్వాతి గంటలో రెండు. రోజు మొత్తంలో అంతకంటే తక్కువ మార్కు ఇంకే గంటలోనూ లేదు. ఊళ్లో అందరూ కలిసి ఉన్నారు, ఇక్కడ కిటికీ బయట చీకటి, గదిలో తానొక్కడు. ఆ తేడా రోజూ ఒకే సమయానికి గుండెకు తగులుతోంది.

ఇంటివాళ్లతో, స్నేహితులతో ఎక్కువ మాట్లాడితే ఒంటరితనం తగ్గుతుందని మనం నమ్ముతాం. చాలాసార్లు నిజమే. ఇతని విషయంలో ఆ మాటలు తప్పు కాదు, ఆ వేళ తప్పు. అది అతని నిద్రను, పగటి వెలుతురును, ఎల్లోనైఫ్‌లో మనుషుల్ని కలిసే అవకాశాన్ని ఒకేసారి తినేస్తోంది.

అభిరుచులు ఎందుకు ఆగిపోయాయి

ఊళ్లో ఉన్నప్పుడు అతనికి మూడు ఇష్టాలు: షటిల్, క్రికెట్, చెక్క భజన. వాళ్ల పెదనాన్న భజన జట్టుకు గురువు. చిన్నప్పటి నుంచి ఆ జట్టులో చెక్కలు పట్టి అడుగులు వేసినవాడు. ఈ మూడింటికీ సాయంత్రం ఖాళీ కావాలి, మైదానం కావాలి, మనుషులు కావాలి. క్యాంపులో ఇవేవీ లేవు. నలభై డిగ్రీల మైనస్‌లో క్రికెట్ ఏముంటుంది. గదిలో చెక్కలు కొడితే పక్కగదిలో షిఫ్టు ముగించి పడుకున్నవాళ్లు లేస్తారు. కుదరవని వదిలేశాడు, వాటి స్థానంలో ఇంకేమీ పెట్టుకోలేదు.

ఫీల్డ్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు "ఏదైనా హాబీ పెట్టుకో" అని ఊరికే సలహా ఇస్తే పనిచేయదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి మిగిలేది గంటన్నర. అందులో స్నానం, ఇంటికి ఫోన్, రేపటి బట్టలు ఆరబెట్టుకోవడం. ఇరవై నిమిషాల్లో అయ్యేది, చప్పుడు లేనిది, ఇంటర్నెట్ లేకపోయినా సాగేది, మధ్యలో ఆపినా చెడిపోనిది అయితేనే నిలుస్తుంది. డైరీ రాయమన్నాను, పొద్దంతా రాసేది రిపోర్టులే కదా అన్నాడు. బొమ్మలు వేయడం మీద మనసు పోలేదు.

చివరికి భజన పాటలే పనికొచ్చాయి. పెదనాన్న దగ్గర పాత కీర్తనలు చాలా ఉన్నాయి, నోటికి వచ్చినవే తప్ప ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆయన వీలున్నప్పుడు ఒక్కో పాట వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపాలి. ఇతను క్యాంపులో రాత్రి భోజనం తర్వాత విని నోట్‌బుక్‌లో రాసుకోవాలి, చెక్క ఎక్కడ పడుతుందో అక్షరం కింద గీత గీయాలి. ఇద్దరూ ఒకే సమయానికి మేల్కొని ఉండాల్సిన అవసరం లేదు. ఇది అతనే తెచ్చిన ఆలోచన. నేను పెట్టిన షరతు ఒక్కటే: రూములో కాదు, డైనింగ్ హాల్లో కూర్చుని రాయాలి.

ఆ షరతుకు కారణం ఉంది. ఒంటరిగా తినడం అలవాటైన మనిషిని నలుగురిలోకి వెళ్లి మాట్లాడమంటే టెన్షన్ పడతాడు. చేతిలో పని ఉంటే ఊరికే కూర్చోవచ్చు. పలకరింపు దానంతట అదే వస్తుంది. డ్రిల్ దగ్గర హెల్పర్‌గా చేసే కుర్రాడు ఒకరోజు ఆ గుండ్రటి అక్షరాలు, కింద గీతలు చూసి ఏమిటని అడిగాడట. ఇతను బల్ల మీద వేళ్లతో తాళం వేసి చూపించాడు. ఆ కుర్రాడికి డ్రమ్స్ వాయించడం వచ్చు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటున్నారని విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమైంది.

భోజనం సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. డైనింగ్ హాల్‌కు పోకపోవడానికి రుచి కూడా ఒక కారణం. ఇంటి నుంచి బుడ్డల పొడి, ఎండుమిరపకాయల కారం పార్సిల్ తెప్పించుకోవడం మొదలుపెట్టాక కూర్చుని తినడం పెరిగింది.

వేళలు మార్చడం

స్నేహితుల కాల్ వేళ మార్చడానికి అతను అస్సలు ఒప్పుకోలేదు. "సాయంత్రం టీకి నేను లేకుంటే మర్చిపోతారు మేడం" అన్నాడు. ఈ భయం మీదే కొన్ని సెషన్లు గడిచాయి. వాదించి లాభం లేదనిపించి, అతని అనుమతితో వాళ్లలో ఒకరిని వీడియో కాల్‌లోకి పిలిచాం. ఆ స్నేహితుడు మొదట మొహమాటపడ్డాడు. తర్వాత చెప్పేశాడు: "మేమూ రోజూ కలవడం లేదురా మామా. నువ్వు ఫోన్ చేస్తావని ఎవరో ఒకరం వచ్చి కూర్చుంటాం. ఆదివారం పొద్దున చెయ్, ఉగ్గాని బజ్జీ తినేటప్పుడు అందరం ఉంటాం. రేత్రంతా మేల్కొనుంటే మనిషి ఏమైపోతాడు?"

ఆదివారం ఉదయం 8:30 అంటే ఇతనికి శనివారం రాత్రి 8 గంటలు. అలా రోజువారీ కాల్ వారానికి ఒకటైంది. అమ్మతో మాట్లాడటం కూడా అదే రాత్రి వేళకు మార్చాం. మార్చిలో అక్కడ గడియారం గంట ముందుకు జరిపినప్పుడు తేడా 11 గంటల 30 నిమిషాలకు తగ్గింది. ఎవరూ గమనించుకోక ఒక ఆదివారం కాల్ తప్పిపోయింది, ఆ రాత్రి అతను చాలా బాధపడ్డాడు. ఇలా గడియారం మార్చే చోట ఉన్నవాళ్లకు ప్లాన్ వేసేటప్పుడు ఆ మార్పు తేదీలు ముందే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.

వెలుతురు విషయం అక్కడి డాక్టరుకు వదిలాను. అక్కడ వైద్యం చేసే అర్హత నాకు లేదు. డయాగ్నసిస్, రక్తపరీక్షలు, మందులు అన్నీ ఎల్లోనైఫ్‌లో డాక్టరు చూశారు. నాది మాట సాయం, దినచర్య సర్దడం. ఆ డాక్టరు 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) లైట్ బాక్స్ ముందు లేచిన వెంటనే 30 నిమిషాలు కూర్చోమన్నారు. అంతకుముందు కంటి జబ్బులు లేవని, మనసు ఒకప్పుడు అతిగా ఉప్పొంగి ఇంకొకప్పుడు కుంగిపోయే బైపోలార్ జబ్బు చరిత్ర లేదని చూసుకున్నారు. బైపోలార్ ఉన్నవాళ్లకు ఈ లైటు ఉన్మాద దశను రేపే ప్రమాదం ఉంది, సొంతంగా కొనుక్కుని మొదలుపెట్టొద్దు. విటమిన్ డి కూడా తక్కువగా ఉందని మాత్రలు ఇచ్చారు. అంత ఉత్తరాన చలికాలపు ఎండతో ఒంట్లో విటమిన్ డి తయారు కాదు. మన చామనఛాయ చర్మానికి ఎండ ఇంకా ఎక్కువసేపు కావాలి.

క్యాంపులో మధ్యాహ్నం భోజన విరామంలో పదిహేను, ఇరవై నిమిషాలు బయట నడక పెట్టుకున్నాడు, క్యాంపు నియమం ప్రకారం ఇంకొకరు తోడుగా. సెలవుల్లో మధ్యాహ్నం 12 గంటలకు ఇంటి బయట ఉండాలన్నది తప్పనిసరి చేసుకున్నాం. మబ్బు పట్టిన రోజైనా బయటి వెలుతురు గదిలో బల్బు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, తాజా మంచు దాన్ని ఇంకా తిప్పికొడుతుంది.

సెలవుల్లో సాయంత్రాల కోసం పార్టీలు వద్దనుకున్నాం. అతను మందు తాగడు, ఐస్ హాకీ గురించి మాట్లాడలేడు, గంటకే ఇంటికొచ్చి ఇంకా ఒంటరిగా అనిపించుకుంటాడు. బదులుగా ఒక స్కూల్ జిమ్‌లో వారానికి రెండు సాయంత్రాలు జరిగే షటిల్‌లో చేరాడు. వేళ ముందే తెలుసు, వచ్చేవాళ్లు వాళ్లే, ఆటలో మాటలు తక్కువ. కొత్త ఊళ్లో బిడియస్తులకు ఇలా ఒకే వేళకు, ఒకే మనుషులతో జరిగేదే మేలని నా అనుభవం. ఆ ఏడాది మార్చిలో గ్రేట్ స్లేవ్ సరస్సు మీద మంచు కోట కట్టి చేసే స్నోకింగ్ ఉత్సవానికి షటిల్ జట్టుతోనే వెళ్లాడు.

అన్నిటికంటే పెద్ద మార్పు అతను నాకు చెప్పకుండానే చేశాడు. ఫిబ్రవరి చివర్లో ఫ్లాట్ ఖాళీ చేసి మళ్లీ పాత ఇంటికి, ఆ ఇద్దరి దగ్గరికే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత

వేసవి నాటికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 5 కంటే కిందికి వచ్చింది. దీన్ని నేను విజయంగా లెక్కవేసుకోలేదు. ఫిబ్రవరి నుంచి అక్కడ పగలు వేగంగా పెరుగుతుంది, మార్చి 20 ప్రాంతానికి రాత్రీ పగలూ సమానమవుతాయి. ఏమీ చేయకపోయినా కొంత బాగుపడేవాడే. అసలు పరీక్ష తర్వాతి చలికాలం.

ఆ చలికాలం మొదలయ్యే ముందే, అక్టోబరులో కూర్చుని ఆరు వారాల చక్రానికి ఒక క్యాలెండర్ గీశాం. అందులో ముందుగా నింపింది షిఫ్టులు కాదు. షటిల్ సాయంత్రాలు, శనివారం కాల్, సెలవుల్లో లేవాల్సిన వేళ నింపాం. సెలవుల్లో క్యాంపులో లాగా 5 గంటలకు లేవమంటే ఎవరూ లేవరు. 8 గంటలు దాటకూడదని గీత పెట్టుకున్నాం.

డిసెంబరు సాఫీగా గడిచింది. జనవరిలో మంచు తుఫాను వల్ల విమానాలు రద్దై క్యాంపులోనే రోజులు పెరిగిపోయాయి, అదే సమయానికి ఊళ్లో సంక్రాంతి. ఫోన్‌లో భజన జట్టు ఫొటోలు చూసి రెండు రాత్రులు నిద్రపోలేదని మెసేజ్ పెట్టాడు. ముందైతే అది వారాలు సాగేది. ఈసారి మూడో రోజు మధ్యాహ్నం నడకకు వెళ్లాడు, ఎల్లోనైఫ్ చేరిన వారమే షటిల్‌కు వెళ్లాడు. స్కోరు కొంచెం పెరిగి మళ్లీ దిగింది.

ఇంకా తేలనివీ ఉన్నాయి. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. వచ్చే అమ్మాయి ఈ నాలుగు వారాలు, రెండు వారాల జీవితాన్ని ఎలా తీసుకుంటుందో మాట్లాడుకోవాలి. అనంతపురం వచ్చే సెలవు కూడా సెలవులా ఉండదు. పెళ్లిచూపులు, చుట్టాల ఇళ్లు, బ్యాంకు పనులతో నిండిపోతుంది. పోయినసారి వచ్చినప్పుడు అందులోంచి రెండు సాయంత్రాలు గట్టిగా విడదీసి పెదనాన్న జట్టుతో చెక్కలు పట్టాడు. నోట్‌బుక్‌లో రాసిన పాటల్లో కొన్నిటికి గీతలు తప్పు చోట పడ్డాయని పెదనాన్న సరిదిద్దారు.

ఈ ఏడాది కంపెనీ అతనికి చిన్న బృందాన్ని అప్పగించింది. షిఫ్టు అయ్యాక కూడా రిపోర్టుల పని ఉంటుంది కాబట్టి క్యాంపులో ఆ ఇరవై నిమిషాలకే ముందు గండం. కొత్త రొటేషన్ తేదీలు రాగానే పంపమన్నాను. అవి చేతికొచ్చాక, చలికాలం రాకముందే క్యాలెండర్ మళ్లీ గీస్తాం.